కంకిపాడు నుంచి నందికొండ దాకా – డాక్టర్ కె.ఎల్. రావు జీవితం



మన సావనీరులో ప్రతిసారీ మనవాళ్ల చరిత్రే రాసుకుంటాం. కొమురం భీం, గాం గంటందొర, గాం మల్లుదొర కథలు చదువుకుంటూ, చెప్పుకుంటూ పెరిగాం. ఈసారి మాకు ఇచ్చిన పేజీల్లో మాత్రం మన తెగలకు చెందని ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన అడవిలో పుట్టలేదు, విల్లు పట్టలేదు, మన కోసం పోరాడినవాడూ కాదు. కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊళ్లో పుట్టిన సివిల్ ఇంజనీరు. పేరు కానూరి లక్ష్మణరావు. అందరూ డాక్టర్ కె.ఎల్. రావు అంటారు.

ఈయన మన పుస్తకంలోకి ఎందుకు వచ్చారో ముందు చెప్పాలి.

కిందటేడు మా హాస్టల్ అమ్మాయిలను ప్రకాశం బ్యారేజీ చూపించడానికి తీసుకువెళ్లాం. గేట్లు మొత్తం 70. పిల్లలు ఒక్కొక్కటే లెక్కపెడుతూ నడిచారు. ఇద్దరు పిల్లలు మాత్రం రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయారు. ఒకమ్మాయి యానాదుల పిల్ల. వాళ్ల ఇల్లు డెల్టాలో ఒక కాలువ గట్టు మీద ఉంది. ఈ నీళ్లు మా ఇంటి ముందు నుంచే పోతాయి కదా, మరి మాకు ఎకరం పొలం కూడా ఎందుకు లేదు అని అడిగింది. రెండో అమ్మాయి కొండరెడ్ల పిల్ల. గోదావరి ఒడ్డున ఉన్న వాళ్ల ఊరు పోలవరం ముంపులోకి వస్తుందట. ఇలాంటి కట్ట ఎక్కడ కట్టాలో, ఏ ఊరు మునగాలో మొదట ఎవరు చెబుతారు అని ఆ పిల్ల అడిగింది.

రెండు ప్రశ్నలకూ అక్కడికక్కడ మేము సరిగా సమాధానం చెప్పలేకపోయాం. హాస్టల్‌కు తిరిగొచ్చాక వెతికి చదివాం. చదివే కొద్దీ కె.ఎల్. రావు గారి పేరే ఎదురైంది. అందుకే ఈ వ్యాసం.

కంకిపాడు పిల్లవాడు

రావు గారు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. చుట్టూ వరి పొలాలు, కాలువలు. ఆ కాలువలకు అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. 1832–33లో నందన కరువు వచ్చి గుంటూరు ప్రాంతంలో జనం కుప్పలుగా చనిపోయారు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు, 1852 నుంచి 1855 వరకు, కాటన్ దొర ప్రణాళిక మీద కెప్టెన్ ఓర్ బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టించాడు. అప్పుడు డెల్టాకు నికరంగా నీళ్లు వచ్చాయి. అంటే రావు గారి తాతల కాలంలో కరువు, ఆయన కాలానికి వరి. మధ్యలో జరిగింది ఒక కట్టడం. కాలువ పక్కన పెరిగే పిల్లవాడికి ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

ఆయన బాల్యం మాత్రం సుఖంగా గడవలేదు. తొమ్మిదేళ్లకే తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటూ ఉండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఇంజనీరుకు కన్నే పనిముట్టు. గీత గీయాలన్నా, లెవెల్ చూడాలన్నా, మ్యాపు చదవాలన్నా చూపు కావాలి. తండ్రి లేని పిల్లవాడు, ఒంటి కన్నుతో, ఇంజనీరింగ్ వైపు నడిచాడు.

మా హాస్టల్లో ఏటా కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లలు తండ్రిని పోగొట్టుకుని చేరతారు. చూపు సరిగా లేని పిల్లలు బోర్డు కనబడటం లేదని చెప్పడానికి సిగ్గుపడి చివరి బెంచీలో కూర్చుంటారు. వాళ్లందరికీ ఈ రెండు సంగతులు మేము ప్రత్యేకంగా చెబుతున్నాం.

అయితే ఒక్క విషయం దాచకూడదు. రావు గారికి తండ్రి లేకపోయినా, చదువు అంటే ఏమిటో తెలిసిన సమాజం చుట్టూ ఉంది. మన పిల్లల్లో చాలామందికి అదీ లేదు. మన దారి ఇంకా ఎత్తు. ఎత్తు అని తెలిసి ఎక్కడం వేరు, తెలియక ఎక్కి మధ్యలో కూలబడి నన్ను నేను తిట్టుకోవడం వేరు.

చదువు, మళ్లీ చదువు

ఇంటర్ చదువుకు ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. తరువాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో డిగ్రీ చేశారు. డిగ్రీతో ఉద్యోగం వస్తుంది, చాలామంది అక్కడ ఆగిపోతారు. ఆయన ఆగలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే. బర్మాలో రంగూన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు చెప్పారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి 1939లో పీహెచ్‌డీ అందుకున్నారు. అక్కడ కూడా కొంతకాలం బోధించారు. ఇనుప కమ్మీలతో కాంక్రీటు కట్టడాలు ఎలా లెక్కకట్టాలో ఒక పాఠ్యగ్రంథం రాశారు.

కావాలంటే విదేశాల్లోనే ఉండిపోగలిగిన మనిషి. తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి.

గోదావరి మీద కాగితం మీది కట్ట

1940ల్లో మద్రాసు ప్రభుత్వం పోలవరం దగ్గర గోదావరి మీద పెద్ద జలాశయం కట్టాలని ఆలోచించింది. పేరు రామపాదసాగర్. నీళ్లు భద్రాచలం రాముడి పాదాల దాకా నిలుస్తాయని ఆ పేరు పెట్టారట. ఆ ప్రాజెక్టు డిజైన్ పనిలో రావు గారు ఉన్నారు. గట్టి రాయి నది అడుగున చాలా లోతులో దొరకడం, ఖర్చు విపరీతంగా పెరగడం వల్ల అది కాగితం మీదే ఆగిపోయింది.

ఇక్కడ మనవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. భద్రాచలం రాముడి పాదాల దాకా నీళ్లు అంటే మధ్యలో ఉన్న కోయ గూడేలు, కొండరెడ్ల పల్లెలు ఎక్కడికి పోవాలి? పటం మీద పేరు పెట్టేటప్పుడు దేవుడి పాదాలు గుర్తొచ్చాయి. అక్కడ నడిచే మనుషుల పాదాలు ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇది రావు గారి ఒక్కరి తప్పు అని మేము అనడం లేదు. ఆ కాలపు ఇంజనీర్లందరూ నీటిని క్యూసెక్కుల్లో, లాభాన్ని ఎకరాల్లో లెక్కపెట్టారు. లెక్కలోకి రావాలంటే పట్టా ఉండాలి. పోడు చేసుకునే వాళ్లకు పట్టా ఎక్కడిది?

నందికొండ దగ్గర

1950లో రావు గారు ఢిల్లీ వెళ్లారు. కేంద్ర జల విద్యుత్ సంఘంలో డిజైన్ల డైరెక్టరయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరయ్యారు. దేశంలో పెద్ద ఆనకట్టల కాలం అది. మన తెలుగువాళ్లకు అందులో అన్నిటికంటే పెద్దది నందికొండ దగ్గర కట్టిన నాగార్జునసాగర్.

దాని వెనక పెద్ద కథ ఉంది. కృష్ణా నీళ్లను పెన్నా వైపు మళ్లించి తమిళ జిల్లాలకు తీసుకుపోవాలన్న ఆలోచన అప్పట్లో మద్రాసు ప్రభుత్వంలో నడిచింది. అలా కాదు, నందికొండ దగ్గరే కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి పట్టుబట్టారు. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ చోటు మంచిదని చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఆ ఆనకట్ట డిజైన్‌లో రావు గారి పేరు ఎప్పుడూ చెప్పుకునేది ఒక ముఖ్యమైన నిర్ణయం కోసం. అంత ఎత్తు కట్టను అప్పటి పద్ధతి ప్రకారం కాంక్రీటుతో కట్టాలి. దానికి బోలెడు సిమెంటు, విదేశీ యంత్రాలు, విదేశీ డబ్బు కావాలి. దేశంలో అవి తక్కువ. రాయి, సున్నం పని తెలిసిన మేస్త్రీలు, పని కోసం ఎదురుచూసే కూలీలు మాత్రం ఉన్నారు. అందుకని రాతి కట్టడం ఎంచుకున్నారు. 124 మీటర్ల ఎత్తున రాయి మీద రాయి పేర్చారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదిగా దానికి పేరొచ్చింది. 26 గేట్లు. కుడివైపు జవహర్ కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టకు, ఎడమవైపు లాల్ బహదూర్ కాలువ నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లా మెట్టకు వెళ్తాయి.

ఇంజనీరింగ్ అంటే పుస్తకంలో ఉన్నది తెచ్చి దించడం కాదని ఈ ఒక్క నిర్ణయం చెబుతుంది. మన దగ్గర ఏముంది, ఎవరున్నారు అని ముందు చూసి, దాని మీద లెక్క కట్టడం అసలు పని.

ఆ రాళ్లు మోసింది ఎవరు? వేలమంది కూలీలు. పరంజాల మీద వరుసగా తలల మీద తట్టలతో ఎక్కుతున్న ఆడవాళ్ల ఫొటోలు ఇప్పటికీ చూడవచ్చు. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నీళ్లు నిలిచిన లోయలో పాత బౌద్ధ విహారాలు ఉండేవి. పురావస్తు శాఖవాళ్లు ఏళ్లపాటు తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి, మళ్లీ కొండ మీద పేర్చారు. ఆ కొండే ఇప్పుడు చూడటానికి లాంచీలో వెళ్లే నాగార్జునకొండ ద్వీపం. అదే లోయలో లంబాడా తండాలు కూడా ఉండేవి. రాతి శిల్పాలకు మ్యూజియం దొరికింది. తండాలకు మ్యూజియం లేదు.

బెజవాడ ఎంపీ

1962లో రావు గారు విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1967లో, 1971లో మళ్లీ గెలిచారు. ఉద్యోగంలో జీవితమంతా గడిపిన ఇంజనీరు వరుసగా మూడుసార్లు ఎన్నిక కావడం మామూలు విషయం కాదు. 1963 జూలైలో నెహ్రూ మంత్రివర్గంలో చేరి, ఆ తరువాత లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ కాలంలోనూ నీటిపారుదల, విద్యుత్ శాఖల్లో మంత్రిగా పనిచేశారు. 1963లోనే పద్మభూషణ్ వచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది కూడా ఆ జూలైలోనే.

ఎన్నికల్లో కూడా ఆయన మాట్లాడింది నీటి గురించే. అందుకే చివరికి రాసుకున్న ఆత్మకథకు కూడా ది క్యూసెక్స్ క్యాండిడేట్ అని పేరు పెట్టుకున్నారు. క్యూసెక్కు అంటే ఏమిటో పిల్లలకు చెప్పి ముందుకు వెళ్దాం. ఒక్క సెకనులో ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు, అంటే సుమారు 28 లీటర్లు. ఒక పెద్ద బిందెకు పైగా నీళ్లు ఒక్క సెకనులో. 100 కోట్ల ఘనపుటడుగులైతే ఒక టీఎంసీ. రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. రోజుకు 86,400 సెకన్లు. గుణించి చూసుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, టీవీలో వినబడిన ప్రతి అంకె వెనక ఈ లెక్కే ఉంది. ఆ రోజుల్లో అంకెలు అర్థమైన ఇళ్లు ముందే సర్దుకున్నాయి. అర్థం కాని ఇళ్లు నీళ్లు గుమ్మంలోకి వచ్చాక లేచాయి.

విజయవాడ నగరం ఆయనను మరచిపోలేదు. విద్యాధరపురంలోని నీటి సరఫరా కేంద్రానికి ఆయన పేరే ఉంది. నగరంలో కె.ఎల్. రావు నగర్ ఉంది. మా హాస్టల్ పిల్లలు రోజూ తాగే నీళ్లకు, ఆయన పేరుకు ఇలా కూడా సంబంధం ఉంది.

తీరని కోరిక

ఆయన అన్నిటికంటే పెద్ద ఊహ 1972లో దేశం ముందు పెట్టిన గంగా–కావేరి అనుసంధానం. పాట్నా దగ్గర గంగలో వరద ఉండే 150 రోజులు 60,000 క్యూసెక్కులు ఎత్తి, దక్షిణానికి తీసుకురావాలి. కాలువ పొడవు సుమారు 2,640 కిలోమీటర్లు. నీటిని కొండల ఎత్తుకు పంపులతో ఎక్కించడానికి భారీగా కరెంటు కావాలి. ఖర్చు ఆయన వేసినదానికంటే చాలా ఎక్కువ అవుతుందని కేంద్ర నిపుణులు తేల్చారు. అది జరగలేదు. నదులను కలపాలన్న మాట మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆగలేదు. మంచి ఆలోచన అని కొందరు, నదికి, అడవికి, మనుషులకు హాని అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీరు పెద్దయ్యాక ఆ వాదంలో మీ మాట కూడా ఉండాలి.

రావు గారు 1986 మే 18న కన్నుమూశారు. డెల్టాకు పైన మరో జలాశయం కావాలన్న ఆయన కాలపు ఆలోచన ఆ తరువాత పులిచింతల అయింది. 2004లో పనులు మొదలై, 2013 డిసెంబరులో ప్రారంభమైంది. 45.77 టీఎంసీల సామర్థ్యం. దానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని పేరు పెట్టారు. నారుమళ్లకు సకాలంలో నీళ్లు అందాలన్న డెల్టా రైతు కోరిక దాంతో కొంత తీరింది. దాని కింద కూడా ఊళ్లు, తండాలు మునిగాయి. 2021 ఆగస్టులో దాని గేటు ఒకటి కొట్టుకుపోయింది. కట్టడం ఒక పని, దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండటం ఇంకో పని అని ఆ గేటు గుర్తు చేసింది.

ఒక గీత సంగతి

ఇప్పుడు ఆ కొండరెడ్ల పిల్ల అడిగిన ప్రశ్నకు వద్దాం. ఏ ఊరు మునగాలో మొదట ఎవరు చెబుతారు?

ఒక గీత చెబుతుంది. దాన్ని కాంటూరు అంటారు. సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపి మ్యాపు మీద గీసే గీత అది. జలాశయం నిండు మట్టం ఎంతో తెలిస్తే, ఆ గీతకు లోపల ఉన్నదంతా ముంపు, బయట ఉన్నది ముంపు కాదు. పోలవరంలో రెండు అంకెలు ఇప్పుడు మనవాళ్లందరికీ నోటికి వచ్చు. మొదటి దశకు 41.15 మీటర్లు. పూర్తి మట్టానికి 45.72 మీటర్లు. తేడా నాలుగున్నర మీటర్లు, రెండు నిట్టాళ్లు కొంచెం ఎక్కువ. ఆ తేడాలో ఎన్నో ఊళ్లు ఉన్నాయి. మొత్తం ప్రాజెక్టులో లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాటిలో చాలా కుటుంబాలు కోయలవి, కొండరెడ్లవి. గీతకు ఇటు ఉంటే ఇప్పుడు పరిహారం, అటు ఉంటే తరువాత. వరద మాత్రం గీత చూసి ఆగదు.

శ్రీశైలంలో 1981లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు జనం చేతిలో ఏ చట్టమూ లేదు. ఇప్పుడు ఉన్నాయి. 1996 పెసా చట్టం గ్రామసభను అడగమంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి హక్కు ఇస్తుంది. 2013 భూసేకరణ చట్టం పునరావాసం ముందు చూపించమంటుంది. కానీ గ్రామసభలో అధికారి మ్యాపు పరిచినప్పుడు దాన్ని చదవగలిగినవాళ్లు మన వైపు ఎంతమంది ఉన్నారు? ఆ అంకె తప్పు, మా ఊరి మట్టం ఇంకా తక్కువ అని లెక్కతో చెప్పగలిగిన పిల్ల మనలో ఒక్కతి ఉన్నా ఆ సభ వేరేగా నడుస్తుంది.

యానాదుల పిల్ల ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కాలువ తవ్వినప్పుడు ఆయకట్టు ఎవరిదో రాసుకున్నారు. గట్టు మీద ఎవరుంటారో రాయలేదు. వాళ్ల పేరు ఏ రికార్డులోనూ లేకపోయినా, ఏ తూము దగ్గర నీరు ఎప్పుడు దిగుతుందో, ఏ గండి ఎక్కడ పడుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ తెలివికి ఇంకా డిగ్రీ కాగితం తోడు కాలేదు, అంతే.

మన పని

పదో తరగతి తరువాత పాలిసెట్ రాస్తే మూడేళ్లలో సివిల్ డిప్లొమా వస్తుంది. ఇంటర్ తరువాత ఈఏపీసెట్ ఉంది. మనకు 6 శాతం రిజర్వేషన్ ఉంది. సివిల్ సీటు తీసుకోమంటే చాలామంది పిల్లలు మొహం చిట్లిస్తారు. కంప్యూటర్ సీటే కావాలంటారు. తప్పు లేదు. కానీ ఊళ్లో రోడ్డు, చెరువు, తూము, ముంపు గీత అన్నీ సివిల్ ఇంజనీరు చేతిలోనే ఉంటాయి. కొంతమందైనా అటు వెళ్లాలి.

లెక్కలంటే భయం ఉన్నవాళ్లు ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఊరు సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో తెలుసుకుని నోటుబుక్కులో రాసుకోండి. దగ్గరి వాగు ఏ కాలువలో కలుస్తుందో, ఆ కాలువ ఏ నదిలో కలుస్తుందో గీసుకోండి. మా హాస్టల్లో ఇప్పుడు గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించాం. ప్రతి పిల్లా తన ఊరి పేరు పక్కన ఆ అంకె రాస్తోంది.

ఆ కొండరెడ్ల అమ్మాయి తన ఊరి పేరు రాసి, పక్కన అంకె కోసం ఖాళీ వదిలింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు సర్వేవాళ్లు పాతిన రాయి మీద చూసి వచ్చి రాస్తానంది. ఆ ఖాళీ నిండే రోజు కోసం చూస్తున్నాం.

కంకిపాడు పిల్లవాడు ఒంటి కన్నుతో చూసి గీతలు గీశాడు. ఆ గీతలు లక్షల ఎకరాలకు నీళ్లిచ్చాయి. ఆ గీతల కిందే మనవాళ్ల ఊళ్లూ పోయాయి. రెండూ నిజమే, రెండూ గుర్తుంచుకోవాలి. ఈసారి గీత గీసేటప్పుడు పెన్సిలు పట్టే చేతుల్లో మన చేయి కూడా ఉండాలని మా కోరిక.